దివ్యాంగులైన పిల్లలు – పెన్షనర్ల ఇంటి లెక్కలు

(సంఘం బాన్సువాడ శాఖ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి మాట్లాడవలసి వస్తే నాకంటే బాగా మాట్లాడేవారు మనలో పదిమంది ఉన్నారు. కార్యదర్శిగారు నాకు ఇచ్చిన విషయం వేరు. వికలాంగులకు ప్రభుత్వం ఇచ్చే సౌకర్యాలు ఏమిటి, వాటికి ఎవరు అర్హులు, మన ఇళ్లకు ఏది వర్తిస్తుంది అన్నది చెప్పమన్నారు. మనం ఉద్యోగాల్లో ఉన్నప్పుడు వికలాంగులు అని రాసేవాళ్లం. ఇప్పుడు కాగితాల మీద దివ్యాంగులు అంటున్నారు. నా నోటికి రెండు మాటలూ వస్తాయి, మన్నించండి.

ఈ విషయం మన సమావేశాల్లో ఎప్పుడూ రాదు. బి.పి., షుగరు, మోకాళ్ల నొప్పులు అన్నీ మాట్లాడుకుంటాం. నలభై ఏళ్లు వచ్చినా తల్లి అన్నం కలిపి పెట్టవలసిన కొడుకు సంగతి, పెళ్లి లేక, పని లేక ఇంట్లోనే ఉండిపోయిన కూతురి సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. టీ తాగేటప్పుడు పక్కకు పిలిచి మెల్లగా అడుగుతారు: "మా తరువాత వీడు ఎట్ల బతుకుతడు సార్?" అలా పక్కకు పిలిచి అడిగినవారు నాకు తెలిసి ఏడెనిమిది మంది ఉన్నారు. అందుకని ఈ రోజు మైకులోనే చెబుతున్నాను.

ముందుగా ఒక చిక్కు విప్పుకుందాం. ఎవరిని కదిపినా "మా వాడికి పర్సెంటు ఎంత వస్తది, ఎంత ఉంటే పైసలు వస్తయి" అని అడుగుతారు. ఈ పర్సెంటు అన్ని తలుపులకూ ఒకే తాళంచెవి అని మనవాళ్ల నమ్మకం. అది నిజం కాదు. ఒక్కొక్క పథకం ఒక్కొక్క ప్రశ్న అడుగుతుంది. ఒకటి వైకల్యం ఎంత అని అడుగుతుంది, ఇంకొకటి ఇంటి ఆస్తి ఎంత అని, మరొకటి సంపాదించుకోగలడా లేదా అని, ఇంకొకటి తోడు లేకుండా ప్రయాణం చేయగలడా అని అడుగుతుంది. సర్టిఫికెట్టు ఒక్కటే అయినా జవాబులు వేరు. ఒక ప్రశ్నకు రాసిన జవాబు పట్టుకుని ఇంకో కిటికీ దగ్గరికి పోతే వెనక్కి పంపుతారు. పంపిన గుమాస్తాను తిట్టుకుంటాం. నేనూ గుమాస్తానే కాబట్టి ఈ మాట కాస్త నొక్కి చెబుతున్నాను.

సరే, పర్సెంటు సంగతి. 1995లో చేసిన వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. దాని స్థానంలో 2016లో కొత్త చట్టం చేశారు. అది 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. ఇందులో 21 రకాలు ఉన్నాయి. చూపు, వినికిడి, కాళ్లూ చేతులూ మనకు తెలిసినవే. బుద్ధిమాంద్యం, మానసిక వ్యాధి, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, కండరాల క్షీణత, తలసీమియా, సికిల్ సెల్, హీమోఫిలియా, మరుగుజ్జుతనం, యాసిడ్ దాడికి గురైనవారు కూడా ఇందులో ఉన్నారు. మన వయసువాళ్లకు పనికివచ్చేది ఇంకొకటి ఉంది, పార్కిన్సన్ జబ్బు. చేతులు వణికే ఆ జబ్బును ముసలితనం కింద కొట్టివేస్తుంటారు. చట్టం దాన్ని పేరుపెట్టి చేర్చింది.

చట్టం 40 శాతాన్ని ఒక గీతగా పెట్టింది. ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషను వంటివి ఆ గీత దాటినవారికే. శాతం కట్టడానికి లెక్క ఉంది, అది డాక్టరు ఇష్టాన్ని బట్టి ఉండదు. ఉదాహరణకు ఒక కన్ను పూర్తిగా పోయి రెండో కన్ను బాగా ఉంటే 30 శాతమే వస్తుంది. "ఒక కన్ను పోయిందంటే సగం పోయినట్టే కదా, 50 ఇయ్యాలె" అని గొడవ పడినవారిని చూశాను. మార్గదర్శకాల పట్టికలో ఉన్నది 30.

రెండు వైకల్యాలు ఉన్నవారు ఈ లెక్క తప్పక తెలుసుకోవాలి. ఒకటి 40, ఒకటి 30 ఉంటే కలిపి 70 కాదు. ఎక్కువ ఉన్నదాన్ని అట్లాగే ఉంచి, 90లో అది పోగా మిగిలినదానితో తక్కువ ఉన్నదాన్ని గుణించి, 90తో భాగించి, వచ్చినదాన్ని ఎక్కువదానికి కలుపుతారు. 40కి 30 కలిపితే 57కు కాస్త తక్కువ వస్తుంది. ఇందులో నష్టమే కాదు, లాభమూ ఉంది. కాలు 30, చెవి 20 అనుకోండి. విడివిడిగా చూస్తే రెండూ 40కి లోపే. ఇదే లెక్కలో కలిపితే 43 దాటుతుంది. అంటే గీత దాటినట్టే. కాలు డాక్టరు ఒక్కడికే చూపించుకుని 30 శాతం కాగితం పట్టుకుని నిరాశగా ఇంటికి వచ్చినవారు చెవి సంగతి కూడా చెప్పి మళ్లీ పరీక్షకు వెళ్లవచ్చు. ఇచ్చిన శాతం తప్పనిపిస్తే అప్పీలు చేసుకునే హక్కు ఆ చట్టమే ఇచ్చింది.

సర్టిఫికెట్టు సంగతి కూడా రెండు మాటల్లో. ఉమ్మడి రాష్ట్రంలో సదరం క్యాంపులు మొదలైన నాటి నుంచి మనకు ఆ పేరే అలవాటు. ఇప్పుడు దేశమంతటికీ కలిపి యు.డి.ఐ.డి. కార్డు వచ్చింది. 40లోపు వారికి తెల్లరంగు, 40 నుంచి 80లోపు వారికి పసుపు, 80 ఆపైన వారికి నీలం అని 2024లో రంగులు కూడా పెట్టారు. చట్టం ప్రకారం ఇచ్చిన సర్టిఫికెట్టు దేశమంతా చెల్లుతుంది. మన జిల్లా 2016 అక్టోబరు 11న కామారెడ్డి అయింది. అంతకు ముందు తీసుకున్న కాగితం మీద నిజామాబాద్ అని ఉంటుంది. జిల్లా పేరు మారింది కాబట్టి అది చెత్తబుట్ట పాలు అనుకోవద్దు. దాన్ని ఎందుకు దాచుకోవాలో ముందుకు పోతే తెలుస్తుంది.

ఇక ఆసరా పింఛను. మన ఇళ్లల్లో ఎక్కువ అపోహలు దీని మీదనే. 2014 నవంబరులో ఇది మొదలైనప్పుడు వికలాంగులకు నెలకు 1500 రూపాయలు. 2019లో 3016 చేశారు. 2023లో 4016 చేశారు. దీనికి 40 శాతం ఉండాలి, వినికిడి లోపమైతే 51 శాతం. పక్క రాష్ట్రంలో బంధువులు ఉన్నవారు "అక్కడ ఎక్కువ ఇస్తున్నరు" అంటుంటారు, నిజమే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి 6000, పూర్తిగా మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైనవారికి 15000 చేశారు. ఢిల్లీ వాటా చూస్తే మాత్రం నవ్వు వస్తుంది. 2009లో మొదలుపెట్టిన కేంద్ర వికలాంగుల పింఛనుకు 80 శాతం వైకల్యం ఉండాలి, దారిద్ర్యరేఖకు దిగువన ఉండాలి, అన్నీ ఉంటే ఇచ్చేది 300 రూపాయలు. మిగతాదంతా రాష్ట్రాలు తమ బొక్కసం నుంచి కలుపుకోవాలి.

ఆసరాకు శాతం ఒక్కటే చాలదు. 2014 నవంబరు 5న పంచాయతీరాజ్ శాఖ ఇచ్చిన 17వ నంబరు జి.ఓ.లో ఎవరికి రాదో రాసి ఉంది. మూడెకరాలకు మించిన తరి గానీ, ఏడున్నర ఎకరాలకు మించిన ఖుష్కి గానీ ఉన్నవారు, పిల్లలు ఉద్యోగాల్లో ఉన్నవారు, పెద్ద వ్యాపారాలున్నవారు, కారు వంటి నాలుగు చక్రాల బండి ఉన్నవారు, ఇప్పటికే ప్రభుత్వ పింఛను తీసుకుంటున్నవారు ఆ జాబితాలో ఉన్నారు. ఇది పేదల పథకం. ట్రెజరీ పింఛను వచ్చే ఇంటివాళ్లం మనం ఆ వరుసలో నిలబడి, దొరకలేదని బాధపడటంలో అర్థం లేదని నా అభిప్రాయం. ఈ మాటకు ఇక్కడ కొందరికి కోపం వస్తుంది. 80 శాతం ఉన్న బిడ్డకు అయ్య పింఛను చూసి లేదనడం న్యాయమా అని అడుగుతారు. న్యాయం కాదనే వాదన సంఘం తరఫున ప్రభుత్వానికి పంపుదాం, నేను సంతకం పెడతాను. కానీ దాచిపెట్టి తీసుకోవడం వేరు సంగతి.

దాచిపెడితే ఏమవుతుందో 2024 జులైలో పత్రికల్లో చూశారు. మన రాష్ట్రంలోనే ఒక వృద్ధురాలు, ఉద్యోగం చేస్తూ చనిపోయిన కూతురి మీద కుటుంబ పింఛను తీసుకుంటూ ఆసరా కూడా తీసుకున్నదని, 1 లక్షా 72 వేల పైచిలుకు తిరిగి కట్టమని నోటీసు ఇచ్చారు. పెద్ద చర్చ జరిగింది, అసెంబ్లీలో ఉన్నవాళ్లు కూడా మాట్లాడారు. ఆమె కావాలని చేసిందని నేను అనను. రెండు పింఛన్లు రెండు వేర్వేరు ఆఫీసుల నుంచి వస్తాయి, ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇప్పుడు అన్నిటికీ ఆధార్ నంబరు ఒక్కటే. కంప్యూటరు దగ్గర ఏదీ దాగదు. మీ ఇంట్లో దివ్యాంగుడైన అబ్బాయి ఆసరా తీసుకుంటూ ఉండి, రేపు అతనికి మీ కుటుంబ పింఛను మంజూరైతే, ఆ రోజే ఆసరా వదులుకుంటున్నట్టు దరఖాస్తు రాసి ఇచ్చి, రసీదు తీసుకోండి.

చిన్న తలుపులు కొన్ని ఉన్నాయి, వాటిని తొందరగా దాటేస్తాను. ఆదాయపు పన్ను కట్టే పెన్షనర్లు తమ మీద ఆధారపడిన వికలాంగుల కోసం 75 వేలు, 80 శాతం దాటిన వారి కోసం 1 లక్షా 25 వేలు మినహాయించుకోవచ్చు. 1961 చట్టంలో 80డిడి అని మనకు తెలిసినది అదే. పెన్షనరే వికలాంగుడైతే 80యు. పాత పద్ధతిలో పన్ను కట్టేవారికే ఇది, కొత్త పద్ధతి ఎంచుకుంటే రాదు. రైల్వే రాయితీ ఇంకో రకం. కాళ్లు చేతుల వైకల్యం ఉన్నవారికి, తోడు మనిషి లేకుండా ప్రయాణం చేయలేరని డాక్టరు రాస్తేనే ఇస్తారు. 60 శాతం కార్డు చేతిలో ఉన్నా ఆ మాట లేకపోతే రాయితీ లేదు. ప్రశ్న మారుతుంది అన్నాను చూడండి, అది ఇదే.

ఉద్యోగంలో ఉన్న మన పిల్లలకు కూడా ఒక మాట. సర్వీసులో ఉండగా ప్రమాదమో జబ్బో వచ్చి వైకల్యం కలిగితే ప్రభుత్వోద్యోగిని తీసివేయడానికి గానీ, హోదా తగ్గించడానికి గానీ వీల్లేదు. చేయగల ఇంకో పని, అదే జీతం మీద ఇవ్వాలి. 2016 చట్టంలో 20వ సెక్షన్ అది. మన ఆర్.టి.సి.లో ఒక డ్రైవరుకు రంగులు గుర్తుపట్టే చూపు లేదని మెడికల్ రిటైర్మెంటు ఇచ్చారు. 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు అతనికి వేరే పని చూసి ఇవ్వవలసిందే అన్నది. రంగులు తెలియకపోవడం ఆ 21లో లేదు. అయినా 1979లో కార్మిక సంఘాలకూ యాజమాన్యానికీ జరిగిన ఒప్పందం అతన్ని కాపాడింది. అందుకే చెబుతున్నాను, అల్లుళ్లకూ కొడుకులకూ ఇట్లాంటిది జరిగినప్పుడు ముందే రాజీనామా కాగితం మీద సంతకం చేయనివ్వకండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. పెన్షనరు ఇంటికి ఉన్న పెద్ద తలుపు కుటుంబ పింఛను. పెన్షనరు పోతే భార్యకో భర్తకో వస్తుందని అందరికీ తెలుసు. తరువాత 25 ఏళ్లు నిండని పిల్లలకు. ఇక్కడితో అయిపోయిందని చాలామంది అనుకుంటారు. మన రాష్ట్ర ఉద్యోగులకు వర్తించే 1980 నాటి రివైజ్డ్ పెన్షన్ రూల్సులో 50వ నియమం చదవండి. మానసికంగా గానీ శారీరకంగా గానీ వైకల్యం ఉండి, తన బతుకుదెరువు తాను సంపాదించుకోలేని కొడుకుకు, కూతురికి, 25 ఏళ్లు దాటినా, జీవితాంతం కుటుంబ పింఛను ఇవ్వాలని అందులో ఉంది. కేంద్ర ప్రభుత్వం, పోస్టాఫీసు, రైల్వే పెన్షనర్లకు కూడా వారి నియమాల్లో ఇదే హక్కు ఉంది. చివరి జీతంలో 30 శాతం, దాని మీద డి.ఎ. ఇప్పటి జీతాల లెక్కన ఆసరా కంటే ఇది ఎన్నో రెట్లు. ఆ పిల్లవాడు 80 ఏళ్లు బతికితే 80 ఏళ్ల దాకా వస్తుంది.

నియమంలోని మాటలు చూడండి. శాతం అడగడం లేదు. బతుకుదెరువు సంపాదించుకోగలడా లేదా అని అడుగుతున్నది. మొన్న ఒక మిత్రుడు "మా అబ్బాయికి పోలియో, 55 శాతం ఉంది, 40 దాటింది కాబట్టి వస్తది కదా" అన్నారు. ఆ అబ్బాయి బస్టాండు దగ్గర జిరాక్స్, ఆన్‌లైన్ దుకాణం నడుపుతున్నాడు, భార్యను, ఇద్దరు పిల్లలను పోషిస్తున్నాడు. దేవుడి దయ, మన కంటే బాగా సంపాదిస్తున్నాడు. అతనికి కుటుంబ పింఛను ఎందుకు వస్తుంది? ఇంకొకరి అమ్మాయికి బుద్ధిమాంద్యం, స్వల్పస్థాయి అని రాసి 50 శాతం ఇచ్చారు. చూడటానికి మామూలుగానే ఉంటుంది, నమస్తే పెడుతుంది, టీ ఇస్తుంది. కానీ వంద రూపాయల నోటు ఇచ్చి పంపితే చిల్లర ఎంత తేవాలో తెలియదు, ఒంటరిగా బస్సు ఎక్కలేదు. శాతంలో ఆమె తక్కువ, కానీ నియమం అడిగే ప్రశ్నకు జవాబు ఆమె.

కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు శాతం కాగితంతో తృప్తిపడి రావద్దు. సివిల్ సర్జన్ హోదాకు తగ్గని వైద్యాధికారి, బిడ్డ శారీరక మానసిక స్థితిని వీలైనంత వివరంగా రాసి, దానివల్ల తన జీవనోపాధి సంపాదించుకోలేని స్థితిలో ఉన్నాడని సర్టిఫై చేయాలి. ఆ హోదా గల డాక్టరు ఏ రోజు ఉంటారో మన ఏరియా ఆసుపత్రిలో ముందే అడిగి వెళ్లండి, లేకపోతే కామారెడ్డికో నిజామాబాద్‌కో పోక తప్పదు. "వికలాంగుడు" అని ఒక్కమాట రాసి ముద్ర వేసిన సర్టిఫికెట్టు ఫైలులో పెడితే ఆడిట్‌లో అభ్యంతరం రాస్తారు. వెనుకటి పెద్ద గుమాస్తాలు ఫైలును మిసిల్ అనేవారు. మిసిల్‌లో లేని సంగతి లోకంలో లేనట్టే అని వాళ్ల మాట. కటువుగా ఉంటుంది గానీ ఆఫీసు నడిచేది అట్లాగే.

కేంద్ర పెన్షనర్లకు ఒక వెసులుబాటు ఉంది. బిడ్డకు ఏదో చిన్న ఆదాయం ఉన్నంత మాత్రాన కాదనరు. 2021 ఫిబ్రవరి 8 నాటి ఉత్తర్వు ప్రకారం, ఇతర ఆదాయం అంతా కలిపినా, తండ్రి లేదా తల్లి చివరి జీతంలో 30 శాతం, దాని మీది డి.ఆర్. కంటే తక్కువ ఉంటే అర్హత ఉన్నట్టే. చివరి జీతం 40 వేలు అనుకుంటే 12 వేలు, దాని మీద డి.ఆర్. అంతకు లోపు ఇంటి కిరాయి వచ్చినా ఇబ్బంది లేదు. ఇది కేంద్రంవారికి ఇచ్చిన ఉత్తర్వు. రాష్ట్ర పెన్షనర్లు దీన్ని చేతిలో పట్టుకుని ట్రెజరీలో వాదనకు దిగవద్దని మనవి.

రెండు ఇళ్ల సంగతి చెబుతాను. పేర్లు, ఊళ్లు, ఆఫీసులు చెప్పను. ఒకరు ఆఫీసులో అటెండరు, పెద్దగా చదువుకోలేదు. రిటైరయ్యేటప్పుడు పింఛను కాగితాల్లో కుటుంబసభ్యుల జాబితా దగ్గర, భార్య పేరు తరువాత, పుట్టుకతోనే మాటా వినికిడీ లేక, బుద్ధి ఎదగని కూతురి పేరు రాయించాడు. పక్కన వైకల్యం సంగతీ రాయించాడు, డాక్టరు సర్టిఫికెట్టు జతచేశాడు. ఆయన పోయాడు, కొన్నేళ్లకు భార్యా పోయింది. ఆ అమ్మాయి మేనమామ రెండు మరణ ధ్రువపత్రాలు, కొత్త మెడికల్ సర్టిఫికెట్టు తీసుకుని ఆయన చివరగా పనిచేసిన ఆఫీసుకు వెళ్లాడు. పాత జాబితాలో పేరు కనబడింది. ఆరు నెలల్లో పని అయింది.

రెండో ఆయన బాగా చదువుకున్నవాడు, పదిమందికి పింఛను కాగితాలు రాసిపెట్టినవాడు. ఆయన చిన్న కొడుకుకు సెరిబ్రల్ పాల్సీ. తన కాగితాల్లో మాత్రం భార్య పేరు ఒక్కటే రాశాడు. ఇంట్లో పెళ్లికి ఎదిగిన కూతురుంది. తమ్ముడు ఇట్లాంటివాడని ఆఫీసులో పదిమందికీ తెలిస్తే సంబంధాలు రావని భయం. నేను ఆయన్ని తప్పుపట్టను, ఆ రోజుల్లో మన ఇళ్లన్నిట్లో ఆ భయం ఉండేది. కూతురి పెళ్లి అయింది, మనుమలు పుట్టారు, కాగితం మాత్రం అట్లాగే ఉండిపోయింది. భార్యాభర్తలిద్దరూ పోయిన తరువాత పెద్దకొడుకు తమ్ముడి కోసం దరఖాస్తు పెడితే, అసలు ఈయన మీ నాన్నగారి కొడుకేనని రుజువు ఏమిటి, ఈ వైకల్యం ఎప్పటిది, తల్లిదండ్రులు బతికి ఉన్నప్పుడే ఉన్నదా అని అడిగారు. అడగడం వాళ్ల బాధ్యత. జాబితాలో పేరు లేనంత మాత్రాన హక్కు పోదు, కానీ రుజువు బరువంతా అడిగేవాడి నెత్తిన పడుతుంది. రేషను కార్డు, కుటుంబసభ్యుల ధ్రువీకరణ, ఓటరు జాబితా అన్నీ తెచ్చినా వైకల్యం పాతదన్న దానికి ఆధారం చిక్కలేదు. చివరికి తల్లి ట్రంకు పెట్టెలో చీరల అడుగున ఒక కాగితం దొరికింది. పిల్లవాడికి తొమ్మిదేళ్లప్పుడు వికలాంగుల క్యాంపులో ఇచ్చిన సర్టిఫికెట్టు, నిజామాబాద్ జిల్లా ముద్రతో. మడతల దగ్గర చినిగి ఉంది. ఆ కాగితం మీద పని ముందుకు కదిలింది. రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లు ఆ అబ్బాయిని వదినగారు చూసుకున్నది, ఆమెకు చేతులెత్తి మొక్కాలి. అందరి ఇళ్లల్లో అట్లాంటి వదినలు ఉంటారని లెక్క వేసుకుని కూర్చోలేం.

పాత కాగితం పారేయవద్దని ఇందాక అన్నది ఇందుకే.

ఇప్పుడు మీరు ఇంటికి వెళ్లి చేయవలసినది చెబుతాను. మీ పి.పి.ఓ., పింఛను ప్రతిపాదనల నకలు తీసి, కుటుంబసభ్యుల జాబితాలో ఆ బిడ్డ పేరు, పుట్టినతేదీ, వైకల్యం ఉన్నాయో లేవో చూడండి. లేకపోతే మీరు చివరగా పనిచేసిన ఆఫీసుకు దరఖాస్తు రాయండి. మెడికల్ సర్టిఫికెట్టు, ఆధార్, పుట్టినతేదీ రుజువు జతచేసి, కుటుంబ వివరాల్లో చేర్చి ఏ.జి. ఆఫీసుకు పంపమని కోరండి. ఒక ప్రతి ట్రెజరీకి ఇవ్వండి. పంపిన ప్రతిదానికి అక్‌నాలెడ్జ్‌మెంటు ఉండాలి. ఆధార్‌లో ఒక పేరు, సదరం కాగితంలో ఇంకో పేరు, స్కూలు టి.సి.లో ముద్దుపేరు ఉంటే మీరు ఉండగానే సరిచేయించండి. మీరు పోయిన తరువాత "చిన్నోడు" అని రాసి ఉన్నవాడు ఎవరో చెప్పేవాళ్లు ఉండరు.

భార్య గానీ భర్త గానీ బతికి ఉన్నంతకాలం ఆ బిడ్డకు పింఛను మొదలుకాదు. అది గుర్తుంచుకుని, ఇప్పుడే పైసలు వస్తాయని ఆశపడకండి. ఇప్పుడు చేసేది నమోదు మాత్రమే. మంజూరైన తరువాత కూడా ఏటా లైఫ్ సర్టిఫికెట్టు, అడిగినప్పుడు వైకల్యం కొనసాగుతున్నదన్న డాక్టరు కాగితం ఇవ్వవలసి ఉంటుంది.

ఇంకొక ముఖ్యమైన సంగతి సంరక్షకుడిది. కాలు లేనివాడు, చూపు లేనివాడు తన ఖాతా తాను నడుపుకోగలడు, పింఛను అతని పేరనే వస్తుంది. బుద్ధి ఎదగని బిడ్డ సంతకం చేయలేడు, బ్యాంకువారు ఇవ్వరు, ఎవరో ఒకరు సంరక్షకుడిగా తీసుకోవాలి. చిన్నపిల్లలకు తల్లిదండ్రులు సహజ సంరక్షకులు. 18 నిండిన తరువాత తల్లిదండ్రులైనా చట్టం దృష్టిలో సంరక్షకులు కారు, ఇది చాలామందికి తెలియదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టరు అధ్యక్షతన స్థానిక కమిటీ ఉంటుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఈ నాలుగింటికి ఆ కమిటీ సంరక్షకుడిని నియమిస్తుంది, కోర్టుకు పోనవసరం లేదు. మానసిక వ్యాధి దీని కిందికి రాదు. దరఖాస్తు తల్లిదండ్రులే పెట్టవచ్చు. మీరు ఎవరిని నమ్ముతారో మీరు ఉండగా మీ నోటితో చెబితే, మీ తరువాత అన్నదమ్ముల మధ్య ఆ పింఛను కోసం పంచాయితీ ఉండదు. పింఛను వస్తుందని తెలిస్తే అంతవరకు పలకరించని బంధువులు కూడా సంరక్షణకు ముందుకు వస్తారు. ఇది నేను వేళాకోళానికి అనడం లేదు. అదే ట్రస్టు కింద నిరామయ అని ఈ నాలుగు వైకల్యాలవారికి లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఉంది, అది కూడా అడగండి.

వెనుక వరుసలో నుంచి అక్కగారు చీటీ పంపారు. "మా ఆయన పోయి నాలుగేళ్లు అయింది, ఫ్యామిలీ పెన్షన్ నాకు వస్తున్నది, ఆయన కాగితాల్లో అమ్మాయి పేరు రాయలేదు, ఇప్పుడు నేను రాయించవచ్చునా?" అని. రాయించడానికి ఇప్పుడు మీరే ఉన్నారమ్మా. ఆయన పనిచేసిన ఆఫీసు పేరుమీద, ఆయన పి.పి.ఓ. నంబరు, మీ సంతకంతో దరఖాస్తు పెట్టండి. అమ్మాయికి డాక్టరు సర్టిఫికెట్టు ముందు తీసుకోండి. దరఖాస్తు నేను రాసిపెడతాను, కాగితాలు తెచ్చుకుని ఉంటే ఈ రోజే రాద్దాం.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. టీ వచ్చింది. దరఖాస్తు నమూనా ఇరవై ప్రతులు జిరాక్స్ తీయించి ఆ కిటికీ పక్క బల్ల మీద పెట్టాను. అవసరమున్నవారు తీసుకోండి, నేను అక్కడే కూర్చుంటాను. పక్కకు పిలవనవసరం లేదు, నేరుగా వచ్చి అడగండి.